వీల్‌చైర్‌తో పాటే ఎక్కించుకునే బండి కొనాలి, డబ్బుకు దారులు చెప్పండి

గోదావరి గట్టు, రాజమహేంద్రవరం

అందరికీ నమస్కారం. మా బాబుకు పదిహేడేళ్ళు. పుట్టుకతోనే సెరిబ్రల్ పాల్సీ. సదరం వైకల్య ధ్రువపత్రంలో 90 శాతం అని ఉంది, యూడీఐడీ అనే వికలాంగుల గుర్తింపు కార్డు కూడా వచ్చింది. మాట స్పష్టంగా రాదు కానీ అన్నీ అర్థమవుతాయి. క్రికెట్ స్కోరు ఇంట్లో అందరికంటే ముందు వాడికే తెలుస్తుంది. మెడ నిలవదు కాబట్టి తలకు, నడుముకు ఆనుడు ఉండేలా కొలతలు ఇచ్చి వీల్‌చైర్ చేయించాం. అది మామూలు వీల్‌చైర్‌లా మడత పడదు.

మా కష్టమంతా వాడిని ఎత్తడం దగ్గరే. 2015 పుష్కరాలప్పుడు వాడికి ఆరేళ్ళు. చంకన వేసుకుని కోటిలింగాల రేవు మెట్లు దిగి స్నానం చేయించి తీసుకొచ్చాను. ఇప్పుడు 46 కిలోలున్నాడు. మా ఆయనకు నడుములో డిస్కు జారింది, బరువులు ఎత్తవద్దని డాక్టరు గట్టిగా చెప్పారు. ఆటో ఎక్కించాలంటే నేను చంకల కింద, ఆటో అబ్బాయి మోకాళ్ళ కింద పట్టుకోవాలి. ఎత్తగానే వాడి కాళ్ళు బిగుసుకుపోతాయి, భయంతో అరుస్తాడు. వీల్‌చైర్ ఇంకో ఆటోలో వెనకాల రావాలి. ఈ బాధ పడలేక కిందటి ఏడాది ప్రత్యేక బడి మానిపించాం. బడి అంటే వాడికి ప్రాణం. ఇప్పటికీ పొద్దున తొమ్మిదయ్యేసరికి గుమ్మం వైపు చూస్తాడు. విశాఖలో డాక్టరు గారి దగ్గరకు వెళ్ళాలంటే కారు మాట్లాడుకోవాలి, పోయి రావడానికి ఏడు వేల దాకా అవుతోంది. కారు సీట్లో వాడు కూర్చోలేడు. దారంతా నా ఒళ్ళో పడుకోబెట్టుకునే తీసుకెళ్ళాలి.

అందుకని వెనక తలుపు తీసి, ర్యాంపు దించి, వీల్‌చైర్‌తో సహా లోపలికి తోసుకుపోయే బండి ఒకటి కొందామనుకుంటున్నాం. మారుతి ఈకో చూశాం. బండి 5,60,000, ఇన్సూరెన్సు 30 వేలు అన్నారు. వెనక సీటు తీసేసి, నేల కొంచెం దించి, ర్యాంపు, వీల్‌చైర్‌ను బిగించే పట్టీలు అన్నీ అమర్చడానికి వర్క్‌షాపు వాళ్ళు 1,50,000 చెప్పారు. అంటే 7,40,000. లైఫ్ టాక్స్ కట్టాల్సి వస్తే దానికి ఇంకో డెబ్బై వేల పైమాట.

మా దగ్గర ఉన్నది 2,30,000. చీటీ పాడితే ఇంకో లక్ష వస్తుంది. మా ఆయన ఒక దుకాణంలో లెక్కలు రాస్తారు, నెలకు 32 వేలు. నేను ఇంట్లో జాకెట్లు కుడతాను, ఎనిమిది వేల దాకా వస్తుంది. ఆదాయం దాటిందని పింఛను రాదు. పాతిక కాసుల బంగారం ఏమీ లేదు, ఉన్న ఆ కాస్త తాకట్టు పెట్టమని మా అమ్మ అంటోంది.

నేను అడిగేవి ఇవి. ప్రభుత్వం నుంచి దేనికైనా సాయం వస్తుందా? వికలాంగుల రాయితీ ఇప్పుడు లేదని షోరూములో ఒకరు, ఐదు వేలిస్తే తెప్పిస్తామని ఇంకొకరు చెప్పారు. ఏది నిజం? బండి ఎవరి పేరున కొనాలి? మామూలు కారు లోను కాకుండా తక్కువ వడ్డీకి ఎక్కడైనా దొరుకుతుందా? తెలిసినవాళ్ళను, తెలియనివాళ్ళను చేయి చాచి అడగడం పద్ధతేనా? ఈ చివరిది రాయడానికి నాకు చాలా బిడియంగా ఉంది. అయినా అడుగుతున్నాను, ఎందుకంటే ఇంకో ఏడాది పోతే నేను కూడా వాడిని ఎత్తలేను.

విశ్రాంత మాస్టారు, గుంటూరు

అమ్మా, మా అమ్మాయికి కండరాల క్షీణత వ్యాధి. వయసు 24. మోటారు వీల్‌చైర్‌లో ఉంటుంది, ర్యాంపు ఉన్న బండిలో తిరుగుతుంది. కాబట్టి మీరు అడిగినవి నేను తిరిగి తెలుసుకున్నవే. ఒక్క మాట ముందే చెబుతాను. షోరూముకు ఇంకా బయానా ఇవ్వకండి. ఈ వ్యవహారంలో డబ్బు మిగిలేది, దక్కేది అంతా బండి రిజిస్ట్రేషన్‌కు ముందే. రిజిస్ట్రేషన్ అయిపోయాక ఏ ఆఫీసుకు వెళ్ళినా "ముందే రావాల్సింది" అంటారు.

బండి మొత్తం ధర ఇచ్చే పథకం మన దగ్గర లేదు. కేంద్రం ఆడిప్ పథకం కింద వీల్‌చైర్లు, మూడు చక్రాల బండ్లు ఇస్తుంది. రాష్ట్రం మూడు చక్రాల మోటారు బండ్లు ఇస్తుంది. ఆ మోటారు బండ్లు సొంతంగా నడుపుకోగలిగినవాళ్ళకే. నడిపే వికలాంగుడు ప్రభుత్వానికి కనబడతాడు. ఎవరో ఒకరు ఎక్కించుకుని తీసుకెళ్ళాల్సిన పిల్లవాడు కనబడడు. నిజానికి ఎక్కువ అవసరం వాడిదే. నాకు ఇన్నేళ్ళుగా మనసులో రగులుతున్న బాధ ఇది, మీ ఉత్తరం చదివితే మళ్ళీ పైకి వచ్చింది.

ఇక జీఎస్టీ. ఇంతకు ముందు కాళ్ళూ చేతులకు సంబంధించిన వైకల్యం 40 శాతం, ఆపైన ఉన్నవారికి కేంద్ర భారీ పరిశ్రమల శాఖ ధ్రువపత్రం ఇచ్చేది. దానితో చిన్న కారుకు 28 శాతం బదులు 18 శాతం పన్ను పడేది, సెస్సు ఉండేది కాదు. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్లకు అందరికీ 18 శాతమే. నాలుగు మీటర్ల లోపు పొడవు, పెట్రోలైతే 1200 సీసీ లోపు ఇంజను ఉంటే చాలు, ఈకో అందులోకి వస్తుంది. అంటే మనకు విడిగా మిగిలే తేడా ఏమీ లేదు. ఆ రాయితీ తెప్పిస్తామని ఐదు వేలు అడిగినవారికి ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి.

కానీ ర్యాంపు సంగతి వేరు. వికలాంగులు వాడే వాహనాలకు అమర్చే కిట్ల మీద జీఎస్టీని 2021 సెప్టెంబరులో లక్నోలో జరిగిన జీఎస్టీ మండలి సమావేశంలో 5 శాతానికి తగ్గించారు. చాలా వర్క్‌షాపులకు ఈ సంగతి తెలియదు, అలవాటు ప్రకారం 18 శాతం వేస్తారు. కిట్టు ధర, పని కూలీ విడివిడిగా చూపిస్తూ కోటేషన్ రాయించుకోండి. లక్షన్నర విలువ చేసే కిట్టు మీద ఆ తేడా 19,500 అవుతుంది. కూలీకి మామూలు రేటే పడుతుంది.

అన్నింటికంటే పెద్ద మొత్తం లైఫ్ టాక్స్. కారు ధరలో 13 శాతానికి తగ్గదు. వైకల్యం ఉన్న మనిషి పేరున, ఆ మనిషి వాడకం కోసం రిజిస్టరయ్యే బండికి దీని నుంచి మినహాయింపు ఉంది. మా అమ్మాయి బండికి వచ్చింది. మీ పేరునో మీ ఆయన పేరునో కొంటే ఆ దారి మూసుకుపోతుంది. బాబు పేరునే కొనండి.

ఇక్కడే ఒక చిక్కు ఉంది. వాడికి పద్దెనిమిది నిండగానే చట్టం దృష్టిలో మీరు తల్లిదండ్రులే గానీ సంరక్షకులు కారు. సంతకం పెట్టలేని బిడ్డ పేరున బండి కొనాలన్నా, లోను తీయాలన్నా చట్టబద్ధమైన సంరక్షకత్వం కావాలి. సెరిబ్రల్ పాల్సీ, ఆటిజం, మేధో వైకల్యం, బహుళ వైకల్యం ఉన్నవారికి నేషనల్ ట్రస్టు చట్టం, 1999 కింద దీన్ని ఇచ్చే అధికారం జిల్లాలో ఉండే స్థానిక స్థాయి కమిటీది. కలెక్టరు గారు దానికి అధ్యక్షులు. కోర్టుకు వెళ్ళే పని లేదు. దరఖాస్తు కాగితాలు ఇప్పటి నుంచే సిద్ధం చేసుకుని, పద్దెనిమిదో పుట్టినరోజు దాటిన వెంటనే వేయండి. ఆ ఉత్తర్వు చేతికి వచ్చాక బండి కొనడం మంచిదని నా అభిప్రాయం.

ఆ తర్వాత వరస ఇది. మార్పు చేయించబోతున్నామని ఆర్టీఓ ఆఫీసులో ముందే రాతపూర్వకంగా అనుమతి అడగాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ దీని గురించే. బండి తాత్కాలిక రిజిస్ట్రేషన్ మీద ఉండగానే ర్యాంపు పని చేయించి, బ్రేక్ ఇన్‌స్పెక్టరుకు చూపించి, అప్పుడు శాశ్వత రిజిస్ట్రేషన్‌కు వెళ్ళాలి. ఫారం 20లో యజమాని ఏ తరహా అని అడిగే చోట దివ్యాంగులు అనే గడి 2020 అక్టోబరు నుంచి ఉంది. షోరూము కుర్రాళ్ళు తొందరలో "వ్యక్తిగతం" అని కొట్టేస్తారు. పక్కన నిలబడి చూసుకోండి. ఆర్సీలో "వికలాంగుల కోసం మార్పు చేసిన వాహనం" అన్న నమోదు పడాలి.

ఆ ఒక్క నమోదు మీద తర్వాత రెండు లాభాలు ఆధారపడి ఉన్నాయి. ఇన్సూరెన్సులో బండికి జరిగే నష్టానికి కట్టే ప్రీమియం మీద సగం తగ్గింపు ఉంది. పాలసీకి జత చేసే ఐఎంటీ 12 అనే ఎండార్స్‌మెంట్ అది. ఏజెంటు నోటితో చెబితే తెలియదంటారు, నంబరు చెబితే వెతుకుతారు. ఇది ప్రతి ఏడాదీ మిగిలే డబ్బు. రెండోది టోల్. జాతీయ రహదారుల రుసుము నిబంధనల్లో, వైకల్యం ఉన్నవారి కోసం ప్రత్యేకంగా తయారైన వాహనానికి మినహాయింపు రాసి ఉంది. దానికి వేరే ఫాస్టాగ్ ఇస్తారు. మీకు విశాఖ దారిలో పనికొస్తుంది.

ఈ చర్చ చదివే మిగతా తల్లిదండ్రులకు కూడా ఒక హెచ్చరిక. మన రాష్ట్రంలో పింఛను, బియ్యం కార్డు అర్హతలు చూసేటప్పుడు సొంత నాలుగు చక్రాల బండి ఉందా అని తనిఖీ చేస్తారు. ట్యాక్సీ, ఆటో, ట్రాక్టరు మాత్రం లెక్కలోకి రావు. మంచం దిగలేని బిడ్డను ఆసుపత్రికి తీసుకెళ్ళే బండిని కూడా విలాసంగా లెక్కేయడం అన్యాయం. దాని మీద అర్జీలు పెట్టాలి, పెడుతూనే ఉన్నాం. కానీ పింఛను తీసుకుంటున్న కుటుంబాలు బండి రిజిస్టర్ చేసే ముందు గ్రామ/వార్డు సచివాలయంలో అడిగి, ఏం చెప్పారో కాగితం మీద రాయించుకోండి.

లోన్ల బల్ల, ఏలూరు

గోదావరి గట్టు గారూ, నేను బ్యాంకులో పని చేస్తాను. మీ డబ్బు లెక్క గురించి మాత్రమే చెబుతాను.

మామూలు కారు లోనుకు వెళ్ళేముందు జాతీయ దివ్యాంగుల ఆర్థికాభివృద్ధి సంస్థ లోను అడగండి. 1997లో కేంద్రం పెట్టిన సంస్థ అది. నేరుగా ఇవ్వదు, రాష్ట్ర సంస్థల ద్వారానూ, ఒప్పందం ఉన్న కొన్ని ప్రభుత్వ బ్యాంకుల ద్వారానూ ఇస్తుంది. వైకల్యం 40 శాతం, ఆపైన ఉండాలి. బాబు లాంటి వారి విషయంలో తల్లిదండ్రులు లేదా సంరక్షకుల ద్వారా తీసుకోవచ్చు. యాభై వేల నుంచి ఐదు లక్షల దాకా వడ్డీ 6 శాతం. గరిష్ఠంగా పదేళ్ళలో తీర్చాలి. ఎక్కువగా స్వయం ఉపాధికి ఇస్తారు కానీ, వైకల్యం ఉన్న మనిషి జీవితం ముందుకు సాగడానికి తోడ్పడే అవసరాలకు కూడా అందులో చోటుంది. మీ జిల్లా విభిన్న ప్రతిభావంతుల సంక్షేమ శాఖ సహాయ సంచాలకుల ఆఫీసులో దరఖాస్తు గురించి అడగండి. బడి, ఆసుపత్రి, ఫిజియోథెరపీ ప్రయాణాల అవసరం ఏమిటో ఒక పేజీలో రాసి జత చేయండి. బడి మానిపించాల్సి వచ్చిందన్న సంగతి తప్పక రాయండి.

తేడా ఎంతో చూడండి. 3 లక్షలు ఏడేళ్ళకు తీసుకుంటే 6 శాతం వడ్డీకి నెలకు సుమారు 4,380 కట్టాలి. అదే 10 శాతమైతే 4,980. నెలకు ఆరు వందలే కదా అనిపిస్తుంది, ఏడేళ్ళకు యాభై వేలు. మీ ర్యాంపు ఖర్చులో మూడో వంతు.

ఇందులో ఆలస్యం అవుతుంది. కాగితాలు ఒక బల్ల నుంచి ఇంకో బల్లకు నడిచే పని. అందుకని సంరక్షకత్వం దరఖాస్తుతో పాటే ఈ విచారణ కూడా మొదలుపెట్టండి.

బంగారం విషయంలో మీ అమ్మగారికి చెప్పండి. బంగారం మీద అప్పు తక్కువ కాలానికి పనికొస్తుంది, అంటే చీటీ డబ్బు రావడానికి రెండు నెలలు పడుతుంది, ఈలోపు వర్క్‌షాపుకు బయానా కట్టాలి, అలాంటప్పుడు. ఏడేళ్ళ బండికి బంగారం అప్పు పెట్టుకుంటే ప్రతి ఏడాదీ వడ్డీ కట్టి తిరగరాయించుకోవడమే అవుతుంది, అసలు అలాగే ఉంటుంది.

ఆదాయపు పన్నులో ఒకటి ఉంది (1961 చట్టంలో 80డీడీ సెక్షన్), 80 శాతం, ఆపైన వైకల్యం ఉన్న బిడ్డను పోషించేవారికి ఆదాయంలో 1,25,000 తగ్గింపు. అది పాత పద్ధతిలో పన్ను లెక్క వేసుకునేవారికే. పైగా మీ ఆదాయానికి ఏ పద్ధతిలోనూ పన్ను పడదు. ఎవరైనా ఆ డబ్బు మిగులుతుందని చెబితే మీ లెక్కలో వేసుకోకండి.

ఇంకొకటి. ఈఎంఐ కోసం ఖాళీ వేళల్లో బండిని కిరాయికి తిప్పండి అని సలహా ఇచ్చేవాళ్ళు ఉంటారు. తెల్ల నంబరు ప్లేటు మీద కిరాయి తిప్పడం నేరం. పసుపు ప్లేటుకు మారిస్తే మాస్టారు చెప్పిన మినహాయింపులు పోతాయి, అవి బాబు కోసమే వాడే బండికి ఇచ్చినవి.

హనుమకొండ అక్క

చెల్లీ, మా ఇంట్లో మా వారిది వెన్నుపూస దెబ్బ, నడుము కింద స్పర్శ లేదు. రోడ్డు ప్రమాదంలో అయింది. మా బండికి డబ్బు ట్రిబ్యునల్ పరిహారం నుంచి వచ్చింది. ప్రమాదం వల్ల వీల్‌చైర్ పాలైనవాళ్ళు ఇది చదువుతుంటే, కేసు నడుస్తున్నప్పుడే ముందు ముందు ప్రయాణాలకయ్యే ఖర్చును కూడా పరిహారంలో అడగమని వకీలుకు చెప్పండి. తీర్పు వచ్చాక కలపడం కష్టం.

మాస్టారు గారి మాటల్లో ఒక్కదానితో నేను ఏకీభవించను. సంరక్షకత్వం ఉత్తర్వు వచ్చేదాకా ఆగమన్నారు. డబ్బు పరంగా ఆయన చెప్పింది సరైనదే. కానీ ఆ నెలలన్నీ పిల్లవాడు గుమ్మం వైపు చూస్తూ కూర్చోవాలి. ఈలోపు మీరు చేయగలిగింది ఒకటుంది. మడత పెట్టే అల్యూమినియం ర్యాంపు విడిగా దొరుకుతుంది. దాన్ని వెనక తలుపు ఉన్న ఏ వ్యానుకైనా ఆనించవచ్చు. బండికి మార్పు చేయడం లేదు కాబట్టి అనుమతులతో పని లేదు. మీ ఊళ్ళో ఈకో కిరాయికి తిప్పే ఒక డ్రైవరుతో నెలవారీ మాట్లాడుకుని, వెనక సీటు మడిచే వీలుందో చూసుకుని బడికి పంపండి. మేము మొదట ఇలాగే గడిపాం. తర్వాత సొంత బండి కొన్నాక కూడా ఆ ర్యాంపు బంధువుల ఇళ్ళ గడపల దగ్గర పనికొస్తూనే ఉంది. ఒక్క జాగ్రత్త: నేలకు బిగించిన నాలుగు పట్టీలు, మనిషికి వేరే బెల్టు లేకుండా హైవే ఎక్కించవద్దు. వీల్‌చైర్ బ్రేకులు గుమ్మంలో నిలబెట్టడానికే, బండి సడన్ బ్రేకు వేస్తే ఆపలేవు. విశాఖ ప్రయాణం పట్టీలు బిగించిన బండిలోనే.

ఇక వర్క్‌షాపు కోటేషన్. లక్షన్నరలో సగం నేల దించడానికే అయి ఉంటుంది. అది అవసరమో కాదో మీ టేపుతో తేలుతుంది. జాకెట్లు కుట్టే చేతికి కొలతలు నేర్పాల్సిన పని లేదు. బాబు వీల్‌చైర్‌లో కూర్చున్నప్పుడు నేల నుంచి నడినెత్తి దాకా ఎంత, వెనక తలుపు తెరిస్తే కింది అంచు నుంచి పై అంచు దాకా ఎంత, బండి లోపల కప్పు ఎత్తు ఎంత, వీల్‌చైర్ చక్రాల అంచు నుంచి అంచుకు వెడల్పు ఎంత. ఇవి కాగితం మీద రాసుకుని షోరూముకు వెళ్ళండి. తల ఆనుడు కొంచెం వెనక్కి వాలే రకమైతే ఎక్కేటప్పుడు వాల్చి, లోపల నిటారుగా చేసుకోవచ్చు. అప్పుడు నేల కోయకుండానే సరిపోవచ్చు. సరిపోతే ఖర్చు సగానికి దిగుతుంది, బ్రేక్ ఇన్‌స్పెక్టరు దగ్గర ప్రశ్నలు కూడా తగ్గుతాయి.

నేల దించకపోతే ర్యాంపు నిటారుగా ఉంటుంది. భవనాలకు ఒక అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు ర్యాంపు ఉండాలంటారు. బండికి అంత పొడవు ఎవరూ పెట్టలేరు. 46 కిలోల పిల్లవాడు, వీల్‌చైర్ బరువు కలిపి మీరొక్కరే తోయాలి. మీ ఆయన నడుము సంగతి చెప్పారు కాబట్టి చేత్తో తిప్పే చిన్న వించి ఒకటి ముందు భాగంలో బిగించమనండి. తాడు కొక్కెం తగిలించి తిప్పితే వీల్‌చైర్ అదే పైకి వస్తుంది. ఖర్చు తగ్గించడానికి దీన్ని మాత్రం వదిలేయకండి.

సీఎన్‌జీ తీసుకోకండి. ఇంధనం ఖర్చు తగ్గుతుందని అందరూ చెబుతారు, సిలిండరు వెనక భాగంలో కూర్చుంటే వీల్‌చైర్ ఎక్కడ పెడతారు? ఈ మధ్య వ్యాగన్ఆర్‌కు బయటికి తిరిగే సీటు కూడా వచ్చింది. కూర్చోగలిగే పెద్దవాళ్ళకు, మోకాళ్ళ నొప్పుల వాళ్ళకు చాలా మంచిది, చవక కూడా. మెడ నిలవని మీ బాబుకు అది సరిపోదు.

పాత బండి కొనడం గురించి మీరు అడగలేదు కానీ ఎవరో ఒకరు చెబుతారు. మేము పాతదే కొన్నాం. ధర తక్కువ, మార్పుకు అనుమతి దానికీ దొరుకుతుంది. కానీ లైఫ్ టాక్స్ మొదటి యజమాని ఎప్పుడో కట్టేసి ఉంటాడు, ఆ మినహాయింపు మీకు ఉపయోగపడదు. పాత బండి లోనుకు వడ్డీ కూడా ఎక్కువ. మీకు 6 శాతం లోను వచ్చేటట్టుంటే కొత్తదే మేలు.

తెలుగు ఎడిసన్, న్యూజెర్సీ

అక్కా, చేయి చాచడం అన్నారు కదా, దాని గురించి చెబుతాను. మా చిన్నాన్న గారి అమ్మాయి వీల్‌చైర్ బండి కోసం మేమంతా కలిసి డబ్బు పోగు చేశాం, అందుకని కొన్ని నియమాలు తెలుసు.

"బండి కొనుక్కోవాలి, సాయం చేయండి" అని మొత్తం అడగకండి. బండి మేము కొంటున్నాం, ర్యాంపుకు ఇంత తగ్గింది, ఇదిగో కోటేషన్ అని అడగండి. ఇచ్చేవాళ్ళకు తమ డబ్బు ఏ వస్తువుగా మారిందో తెలుస్తుంది. రోటరీ, లయన్స్ క్లబ్బుల వాళ్ళను కలిసినప్పుడు కూడా అలాగే ఒక్క వస్తువు అడగండి, కోటేషన్, సదరం నకలు తీసుకెళ్ళండి, బాబును కూడా చూపించగలిగితే చూపించండి.

డబ్బు ఎవరి నుంచి వస్తుందన్నది ముఖ్యం. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు, మేనమామలు ఇచ్చేదానికి పన్ను లేదు. స్నేహితులు, తెలియనివాళ్ళు ఇచ్చింది ఒక ఏడాదిలో మొత్తం కలిపి 50 వేలు దాటితే అదంతా ఆదాయం కింద చూపించాలి. ఆదాయపు పన్ను శాఖలో నమోదైన ధర్మ సంస్థ ఇస్తే ఆ సమస్య ఉండదు. కాబట్టి పెద్ద మొత్తం ఇచ్చేవారుంటే అలాంటి సంస్థ ద్వారా వచ్చేలా చూడండి.

విదేశాల్లో ఉన్నవాళ్ళు పంపేటప్పుడు ఇంకో మెలిక. భారత పాస్‌పోర్టు ఉన్న ప్రవాసి తన సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్న మనిషి పంపితే విదేశీ విరాళం చట్టం లెక్కలోకి వస్తుంది. దగ్గరి బంధువైతే ఏడాదికి పది లక్షల దాకా ప్రభుత్వానికి తెలియజేయకుండానే పంపవచ్చు. స్నేహితులైతే ఆడిటరును అడగకుండా ఒక్క డాలరు కూడా తీసుకోకండి. ఇక్కడ మన వాళ్ళు మంచి మనసుతో పంపేస్తారు, అక్కడ మీరు సమాధానం చెప్పుకోవాలి.

మీరు చేస్తున్నది అడుక్కోవడం కాదక్కా. ఒక పిల్లవాడిని బడికి పంపడానికి పదిమందిని పిలుస్తున్నారు.

గోదావరి గట్టు, రాజమహేంద్రవరం

అందరికీ పేరుపేరునా దండాలు. ఒక్కొక్కరు రాసింది మా ఆయన పుస్తకంలో ఎక్కించారు.

హనుమకొండ అక్కా, కొలిచాను. వాడి తల ఆనుడు వాల్చితే ఈకో వెనక తలుపులోంచి పడుతోంది, కప్పుకు నాలుగు వేళ్ళ ఎడం మిగులుతోంది. నేల కోయకుండా చేయమంటే వర్క్‌షాపు వాళ్ళు వించితో కలిపి 85 వేలన్నారు. కిట్టుకు 5 శాతం జీఎస్టీ సంగతి వాళ్ళకు నిజంగానే తెలియదు, ఆడిటరును అడిగి ఒప్పుకున్నారు. మడత ర్యాంపు తెప్పించాం. మా వీధి చివర ఈకో తిప్పే అబ్బాయి వచ్చే సోమవారం నుంచి బడికి దింపుతానన్నాడు, ఊళ్ళోనే కాబట్టి నెమ్మదిగా వెళ్తాడు.

ఇప్పుడు లెక్క ఇలా ఉంది. బండి, ఇన్సూరెన్సు, ర్యాంపు కలిపి 6,75,000. మా దగ్గర 3,30,000. లోను 3 లక్షలు అనుకుంటున్నాం, నెలకు 4,380 నా కుట్టు డబ్బులోంచి కడతాను. మిగిలిన 45 వేలు మా తమ్ముడు ఇస్తానన్నాడు. కాబట్టి బయటివాళ్ళను అడగాల్సిన అవసరం ప్రస్తుతానికి లేదు. ఎడిసన్ తమ్ముడూ, నువ్వు రాసిన చివరి మాటకు మాత్రం కళ్ళు తడిశాయి.

సంరక్షకత్వం కాగితాలు సిద్ధం చేస్తున్నాం. ఒక్క చోట ఆగిపోయాం. రవాణా ఆఫీసులో లైఫ్ టాక్స్ మినహాయింపు గురించి అడిగితే కౌంటరులో ఉన్నాయన, "మీ అబ్బాయి నడపడు కదా, లైసెన్సు లేదు కదా, మరి ఎలా ఇస్తారు" అన్నారు. మాస్టారు గారూ, దీనికి ఏం చెప్పాలి? ఆ టాక్స్ కట్టాల్సి వస్తే మా లెక్క మళ్ళీ తప్పుతుంది.

విశ్రాంత మాస్టారు, గుంటూరు

అమ్మా, హనుమకొండ అమ్మాయి చెప్పింది బాగుంది, బడి ఆగకుండా దారి దొరికింది. ఆ సంగతి నాకు తట్టలేదు.

కౌంటరులో చెప్పిన మాటను అక్కడితో వదిలేయండి, వాదించకండి. దానికి జవాబు చట్టంలోనే ఉంది. మోటారు వాహనాల చట్టం రెండో సెక్షన్ మొదటి క్లాజులో, మార్పు చేసిన వాహనం అంటే ఏమిటో నిర్వచించారు. వైకల్యం ఉన్న వ్యక్తి చేత గానీ, ఆ వ్యక్తి కోసం గానీ మాత్రమే వాడే వాహనం అని ఉంది. "కోసం" అంటే వేరే వాళ్ళు నడిపేదే. నడపడం రావాలని అక్కడ లేదు. ఆ పేజీ ప్రింటు తీసి, ఆ వరుస కింద గీత గీయండి.

దానితో పాటు వికలాంగుల హక్కుల చట్టం, 2016లో 41వ సెక్షన్ రెండో ఉపవిభాగం జత చేయండి. వికలాంగులు తక్కువ ఖర్చుతో తిరగగలిగేలా రాయితీలు ఇవ్వడానికీ, వాహనాలకు మార్పులు చేయించడానికీ ప్రభుత్వం పథకాలు పెట్టాలని అందులో స్పష్టంగా రాసి ఉంది. ఈ దేశంలో చట్టం రాసినవాళ్ళకు మీ బాబు కనబడ్డాడమ్మా. కౌంటరు దాకా ఆ మాట చేర్చే పని మనది.

అర్జీ జిల్లా రవాణా అధికారి పేరున రాయండి. బాబు పేరుతో, సంరక్షకులుగా మీ సంతకంతో. సదరం, యూడీఐడీ, సంరక్షకత్వం ఉత్తర్వు, షోరూము ప్రొఫార్మా, వర్క్‌షాపు కోటేషన్, ఈ రెండు సెక్షన్ల నకళ్ళు పెట్టండి. రెండు ప్రతులు తీసుకెళ్ళి మీ ప్రతి మీద ముద్ర, తేదీ వేయించుకోండి. ఇవ్వలేమంటే ఏ నిబంధన ప్రకారమో రాసి ఇమ్మని అడగండి. అలా రాసి ఇచ్చిన కాగితం చేతిలో ఉంటే పై అధికారికీ, రాష్ట్ర వికలాంగుల కమిషనరుకూ వెళ్ళవచ్చు. నోటిమాట మీద ఎక్కడికీ వెళ్ళలేం.

అర్జీ ముసాయిదా ఈ రాత్రికి రాసి ఇక్కడే పెడతాను. పేరు, చిరునామా, బండి వివరాలు నింపుకుంటే చాలు. తెలంగాణ వాళ్ళకు కూడా పనికొచ్చేలా రాస్తాను, హనుమకొండ అమ్మాయి ఒకసారి చూసి మార్పులు చెప్పాలి.